వికలాంగ యువతకు చేతినిండ పని

కాలో చెయ్యో సరిగా లేని బిడ్డను అరుగుమీద కూర్చుండబెట్టి ఇంత అన్నము పెట్టుటయే మేలని పెక్కు కుటుంబాలవారు తలచుచున్నారు. కాని పని నేర్చి సంపాదించుకొనుటకు ప్రభుత్వ ధనములో ఆ బిడ్డకు వాటా కలదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, 40 శాతమునకు తక్కువకాని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము పొందినవారికి వ్యవసాయ భూముల కేటాయింపులోను, పేదరిక నిర్మూలన పథకాలలోను 5 శాతము ప్రత్యేకింపవలెను. ఇందు స్త్రీలకు ప్రాధాన్యమీయవలెను. స్వయం ఉపాధికి తక్కువ వడ్డీపై అప్పులు సమకూర్చుటకు కేంద్ర ప్రభుత్వము 1997లో ఒక ఆర్థిక సంస్థను కూడ నెలకొల్పినది.

అయితే అప్పు ఒక్కటే చాలదు. బిడ్డ ఏ పని చేయగలడో ముందు చూడవలెను. నడవలేనివారు కూర్చుండి అంట్లు కట్టగలరు, పుట్టగొడుగుల సంచులు నింపగలరు. వినికిడి లేనివారు పాడిపశువులను సాకగలరు. చూపులేనివారికి కోళ్లషెడ్డులో దారిపొడవునా తాడు కట్టినచో మేత వేయగలరు. బల్ల ఎత్తు తగ్గించుట, పనిముట్టు పిడి మార్చుట, కొన్నాళ్లు ప్రక్కనుండి నేర్పుట—ఈ చిన్న ఖర్చులు చేయనిచో పెద్ద అప్పు వృథా కావచ్చును. పథకపు అంచనాలో గేదె ఖరీదుతోబాటు వీనిని కూడ చేర్చుడు.

రైతు సోదరులారా! ధ్రువపత్రము లేనిదే ఈ వాటా చేతికి రాదు. ముందుగా మీ బిడ్డను వైద్యపరీక్షకు తీసికొనిపొండు.