పాలు చల్లారు లెక్క

వేడిపాలకు నోరు కాల్చుకొని, పిమ్మట పాలగిన్నెను చూచినంతనే పాఱిపోయిన తెనాలి రామలింగని పిల్లి కథ మనమందఱ మెఱిగినదే. పాలు చల్లారునని దానికి దెలియదు. మనకు దెలియును గాని, ఎంతసేపటికి చల్లారునో తెలియక మేమును నొకసారి చిక్కుపడితిమి.

గత పుష్యమాసమున రాజమహేంద్రవరములో మా చిన్నవానికి అజీర్ణము చేయగా, మజ్జిగయన్నమే పెట్టుమని వైద్యులు చెప్పిరి. వేసవి యలవాటు చొప్పున లీటరు పాలు కాచి దించి, గంటన్నర యాగి తోడువేసితిమి. తెల్లవాఱి చూడగా పాలు పాలుగనే యున్నవి. ఆకలిగొన్న బిడ్డకై పొరుగింట మజ్జిగ యడుగవలసి వచ్చెను.

“తోడు మంచిదే, వేళ తప్పినది” అని మా యత్తగా రనిరి. ఉపాధ్యాయులగు మా వారు ఉష్ణమాపకమును దెచ్చి కారణము చూపిరి.

చుట్టునున్న గాలికంటె వస్తువెంత యెక్కువ వేడిగా నున్నదో, ఆ వ్యత్యాసమును బట్టి యది చల్లారు వేగ ముండును. న్యూటను ఈ నియమమును 1701లో తన పేరు చెప్పకయే లాటిను భాషలో ప్రకటించెను. కావున వ్యత్యాసము సగమగుట కెంతసేపు పట్టునో, మిగిలినది మరల సగమగుటకును ఇంచుమించుగా నంతసేపే పట్టును.

మూతలేని మా గిన్నెలో నిది సుమారు అరగంట. వేసవిరాత్రి గాలి 30 డిగ్రీలు, పాలు 90 అనుకొందము. వ్యత్యాసము 60. అది అరగంటకు 30, గంటకు 15, గంటన్నరకు 7.5 అగును, అనగా పాలు 37.5 డిగ్రీలు. తోడునకు దగిన గోరువెచ్చదన మిదియే. పుష్యమాసపు రాత్రి గాలి 20 డిగ్రీలే యైనచో వ్యత్యాసము 70. అరగంటకు 35, గంటకు 17.5, గంటకే పాలు 37.5కు వచ్చును, గంటన్నరకు 29కి దిగజాఱును. తోడులోని సూక్ష్మజీవులు మిక్కిలి వేడికి నశించును, చలికి మందగించును. మా పొరపాటిదియే.

రోహిణికార్తె పగటివేళ గాలియే 40 డిగ్రీలు దాటినచో, పాలు దానికి దిగువకు సులభముగా రావు. అప్పుడు కుండనీరు పోసిన పళ్లెమున గిన్నె నుంచవలెను. గాలికంటె నీరు వేడిని త్వరగా లాగును.

పాలు తక్కువైనను, గిన్నె వెడల్పైనను త్వరగా చల్లారును, మూతపెట్టిన నాలస్యమగును. కావున ఎవరి గిన్నెకు వారు కొలుచుకొనవలెను. శీతకాలమున తోడువేసిన గిన్నెకు గుడ్డచుట్టి బియ్యపుడబ్బాలో నుంచుటయు వేడి పోవుట నాపుటకే.

మరునాటిరాత్రి గంటకే, వ్రేలితో నొకసారి చూచి, తోడువేసితిమి. ఉదయమునకు పెరుగు గడ్డగా తోడుకొనెను. చిన్నవాడు మజ్జిగయన్నము తిని బడికి పోయెను.