పంతుళ్ళ చదువు ఏ భాషలో?

"మా అయ్యవారు ట్రైనింగుకు వెళ్ళారు, బడి లేదు" అని పిల్లలు చెబితే విసుక్కుంటాం కదండీ. ఈ పూట ఆ ట్రైనింగు సంగతే మాట్లాడుకుందాం.

ఉద్యోగానికి ముందు శిక్షణ, ఉద్యోగంలో శిక్షణ విడదీయరానివని 1986 జాతీయ విద్యావిధానం చెప్పింది. మనం డైట్ అని పిలిచే జిల్లా విద్యా శిక్షణ సంస్థలు ఆ తర్వాత వచ్చినవే. 2020 నాటి విధానం ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంటోంది. బాగానే ఉంది. చిక్కల్లా భాషతోనే.

కర్ణాటకనే తీసుకోండి. భిన్నాలు ఎలా బోధించాలో శిబిరంలో కాగితం మడిచి చక్కగా చూపిస్తారు. చెప్పేది కన్నడంలో: పైది అంశ, కిందిది ఛేద. మర్నాడు తెలుగు బడిలో అవే లవం, హారం కావాలి. ఆ మార్పంతా పంతులుగారు రాత్రి ఇంట్లో కూర్చుని చేసుకోవలసిందే. రెండు భాషలూ వచ్చిన నాబోటివారికి ఫరవాలేదు. కొత్తగా చేరినవారు విసిగి, పాత పద్ధతిలోనే లెక్క చెప్పేస్తారు. నష్టం పిల్లలది.

1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణం, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించమంటోంది. పంతులుకు ఆ భాషలో శిక్షణ ఇవ్వడం కూడా సదుపాయమే అని నా అభిప్రాయం.

ఈసారి బడి కమిటీ సమావేశానికి వెళ్ళినప్పుడు, తెలుగు ఉపాధ్యాయులందరినీ ఒకచోట చేర్చి ఒక్కరోజైనా తెలుగులో శిక్షణ పెట్టమని డైట్‌కు అర్జీ రాయించండి. అర్జీ మాత్రం కన్నడంలోనే రాయించండి, త్వరగా కదులుతుంది.