ఫోన్‌లో న్యూయార్క్.. మా నియోజకవర్గంలో తెగిన చెరువు

2025 నవంబరు 6, గురువారం. ఆ రోజు నాకు వర్క్ ఫ్రమ్ హోమ్. అంటే పొద్దున ఏడు గంటలప్పుడు కూడా సత్యవేడులో మా ఇంట్లో దుప్పటి ముసుగులో పడుకుని ఉండొచ్చన్నమాట. లేవగానే మీరు చేసే పనే నేనూ చేశా. ఫోన్ తీసి స్క్రోల్ మొదలుపెట్టా.

మొదటి కార్డు, న్యూయార్క్ మేయర్ ఎన్నికల్లో జోహ్రాన్ మమ్‌దానీ గెలుపు. గెలిచి రోజు దాటిపోయినా ఆయన పైనుంచి కిందికి దిగడంలేదు. దాని కింద వర్జీనియా. మన హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ అక్కడ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. పక్కనున్న మేరీలాండ్‌లో 2023 నుంచి అదే పదవిలో ఉన్న అరుణా మిల్లర్ కూడా హైదరాబాద్‌లో పుట్టినావిడే. తర్వాత ట్రంప్ సుంకాల మీద అమెరికా సుప్రీంకోర్టులో ముందురోజు జరిగిన వాదనలు. బిహార్‌లో తొలి విడత పోలింగ్, 121 సీట్లు. ప్రపంచ కప్ గెలిచిన మన అమ్మాయిలు ప్రధానిని కలిసిన ఫొటోలు. మధ్యాహ్నం గోల్డ్ కోస్ట్‌లో ఆస్ట్రేలియాతో నాలుగో టీ20. పది నిమిషాల్లో మూడు ఖండాలు తిరిగొచ్చా.

అప్పుడే అమ్మ గదిలోకి వచ్చింది. "ఏమిరా, ఇంకా పడుకోనే ఉండావా? ఓళ్లూరు కాడ రాయల చెరువు తెగిపొయ్యిందంట. కళత్తూరులోకి నీళ్లొచ్చేసినాయంట. మీ అత్తోళ్లు ఫోన్ ఎత్తడంలేదు."

కేవీబీపురం మండలం మా సత్యవేడు నియోజకవర్గంలోదే. మా ఇంటి నుంచి బండి మీద గంటన్నర లోపు దూరం. కళత్తూరులో మా మేనత్త ఉంటుంది. ఆమె ఇంట్లో నీళ్లు చేరిన సంగతి నాకు తెలిసేలోపు న్యూయార్క్ కొత్త మేయర్ వయసు 34 అని తెలిసిపోయింది.

అమ్మకు ఎలా తెలిసిందంటే, మా పిన్ని చెప్పింది. పిన్నికి నాగలాపురంలో పాలు పోసే ఆయన చెప్పాడు. ఆయన వాట్సాప్‌లో ఎవరో తీసిన వీడియో ఉంది. ఎర్రటి నీళ్లు, కొట్టుకుపోతున్న బైకులు, వెనక ఎవరిదో ఏడుపు. ఆ వీడియో చూశాక ఫోన్‌లో వెతికా. తెలుగు ఛానెళ్లు తర్వాత గట్టిగానే చూపించాయి, కాదనను. కానీ వెతికితే దొరకడం వేరు, ఫోన్ తనంతట తాను చెప్పడం వేరు.

ఈ తప్పు ఎవరిదో తెలుసుకోవాలని నాకో దురద. ఎందుకంటే నా ఉద్యోగం అలాంటిదే. చెన్నైలో ఓ కంపెనీకి పనిచేస్తా. షాపింగ్ యాప్‌లో ఎవరికి ఏ వస్తువు ముందు చూపించాలో లెక్కగట్టే టీము మాది. వార్తల ఫీడ్ లోపల నడిచేదీ దాదాపు ఇదే లెక్క. మీరు ఇంతకుముందు ఏం నొక్కారు, దాని మీద ఎన్ని సెకన్లు ఆగారు, మీలాంటివాళ్లు ఇంకేం నొక్కారు. వీటితో ప్రతి కార్డుకీ ఒక మార్కు పడుతుంది. మార్కు ఎక్కువ వచ్చింది పైకి, తక్కువ వచ్చింది కిందికి. మమ్‌దానీని ఆ రోజుకి కోట్లమంది నొక్కేశారు. కళత్తూరును ఎవరు నొక్కాలి? ఆ ఊరివాళ్లు అప్పటికి ఫోన్లు తడవకుండా పట్టుకుని మేడలు ఎక్కుతున్నారు.

మా సత్యవేడుకు ఇంకో రెండు దరిద్రాలున్నాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చినప్పుడు మేం చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాం. సంతోషమే. కానీ యాప్‌లో మీ జిల్లా ‘తిరుపతి’ అని పెట్టి చూడండి. సర్వదర్శనానికి ఎన్ని గంటలు, కంపార్టుమెంట్లు ఎన్ని నిండాయి, హుండీ ఆదాయం ఎంత, ఏ హీరో కొండకొచ్చాడు. స్వామివారి వార్త ముందు ఏ చెరువు వార్త నిలబడుతుంది చెప్పండి!

రెండోది, సరిహద్దు. ఊత్తుకోట మాకు పక్కనే. ఇంట్లో ఈ గదిలో ఉంటే ఆంధ్రా, ఆ గదిలోకి పోతే తమిళనాడు అన్నట్టుంటుంది మా సిగ్నల్. వానలొచ్చినప్పుడు నా ఫోన్ ‘తిరువళ్లూరు జిల్లా బడులకు సెలవు’ అని శ్రద్ధగా చెబుతుంది. మా బడుల సంగతి మాత్రం చెప్పదు.

ఇంతవరకూ నెపం ఫోన్ మీద వేశా. ఇప్పుడు నా వంతు. సెప్టెంబరు 19న ట్రంప్ కొత్త హెచ్‌-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అని సంతకం పెట్టాడు. మన లెక్కలో దాదాపు 88 లక్షలు. ఆ రోజు నుంచి నేను అమెరికా వార్త కనపడితే చాలు, నొక్కడమే. వచ్చే ఏడాది వెళ్లాలని నాక్కూడా ఒక మూల ఆశ ఉండేది. మా బ్యాచ్‌లో సగంమందికి ఉండేది. రాత్రి రెండింటికి లేచి ఈ ఫీజు పాతవాళ్లకు వర్తిస్తుందా, వీసా మార్చుకునే విద్యార్థులకు వర్తిస్తుందా అని చదివినవాణ్ణి నేనే. ఏడు వారాలపాటు రోజూ అమెరికా, అమెరికా అని నేర్పిస్తే ఫోన్ ఏం చేస్తుంది? నేర్చుకుంది పాపం.

మా ఊరికొచ్చే ప్రపంచం

అలాగని ప్రపంచ వార్తలు మా ఊరికి అక్కర్లేదని అనుకునేరు. మాకు అక్కరున్నంత ఇంకెవరికీ ఉండదేమో! శ్రీసిటీ ఉన్నది మా సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లోనే. సిడ్నీలో 2019లో మొదలైన డ్రైవర్ లేని మెట్రోకి రైళ్లు ఎక్కడివి? శ్రీసిటీలో ఆల్‌స్టమ్ ఫ్యాక్టరీవి. కెనడాలో మాంట్రియల్ కొత్త మెట్రో బోగీలూ ఇక్కడివే, మొత్తం 212. చిన్నప్పుడు మేం రైలెక్కాలంటే తడకో గుమ్మిడిపూండికో పోవాలి. సత్యవేడుకు ఇప్పటికీ రైల్వే స్టేషన్ లేదు. సిడ్నీకి మాత్రం రైళ్లు ఇక్కణ్నుంచే పోయాయి.

మా చిన్నాన్న కూతురు శ్రీసిటీలోనే పనిచేస్తుంది. ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం వేసినప్పుడు (7న 25 శాతం, 27న ఇంకో 25) ఆ పిల్ల నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "అన్నా, మాకు ఓటీ ఉంటుందా, తీసేస్తారా?" సుంకం గురించి ఆ నెలలో నేను చూసిన చర్చల్లో ఎవరూ ఓటీ మాట ఎత్తలేదు. నేను చదివి చెప్పగలిగింది ఇంతే: స్మార్ట్‌ఫోన్లకు అప్పట్లో ఆ సుంకం నుంచి మినహాయింపు ఉండేది, గట్టి దెబ్బ మన కోస్తా రొయ్యలకు తగిలింది. "అయితే సరేలే" అంది. అమెరికా కోర్టు తీర్పు ఎప్పుడొస్తుందో అప్పట్లో నాకంటే ఆమెకే ఎక్కువ అవసరంగా ఉండేది, కానీ ఆమె ఫీడ్‌లో రీల్స్ తప్ప ఏమీ రావు. మే 8న ఎల్‌జీ కొత్త ఫ్యాక్టరీకి మంత్రి లోకేశ్ శంకుస్థాపన చేసిన సంగతి మాత్రం వాళ్ల షిఫ్టు బస్సులో అందరికీ తెలుసు. అక్కడ జీతాలెంత ఇస్తారని అప్పుడే మాటలు.

దారిలో గుకేశ్

అత్తోళ్లు గురువారం సాయంత్రానికి ఫోన్‌లో దొరికారు. మనుషులు బాగున్నారు. అప్పటికి గోల్డ్ కోస్ట్‌లో మనవాళ్లు 167 కొట్టి, ఆస్ట్రేలియాను 119కి పడగొట్టి, 48 పరుగులతో గెలిచేశారు. బిహార్‌లో పోలింగ్ సుమారు 65 శాతం. రెండూ నేను చూడలేదు, నాకు తర్వాత తెలిశాయి.

శనివారం నేనూ నాయనా రెండు బియ్యం మూటలు, చాపలు, దుప్పట్లు బండికి కట్టుకుని బయలుదేరాం. నాగలాపురం, పిచ్చాటూరు మీదుగా పోవాలి. పిచ్చాటూరులో టీ తాగుతుంటే బల్ల మీద పేపర్లో శ్రీచరణి ఫొటో. ముందురోజే సీఎం చంద్రబాబు ఆ అమ్మాయికి రెండున్నర కోట్లు, కడపలో వెయ్యి గజాల ఇంటి స్థలం, గ్రూప్‌-1 ఉద్యోగం ప్రకటించారు. కడప జిల్లా అమ్మాయి, ఎడమచేతి స్పిన్. ప్రపంచ కప్‌లో 14 వికెట్లు తీసింది. "సీమ పిల్ల" అని టీకొట్టు ఆయన గర్వంగా పేపర్ తట్టాడు.

నాయన ఊరుకుంటాడా! "గుకేశ్ మనోడే కదప్పా" అన్నాడు. నిజమే. గుకేశ్ పుట్టి పెరిగింది చెన్నైలో అయినా, దొమ్మరాజు వాళ్ల మూలాలు మా సత్యవేడు ప్రాంతంలోనివే. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ని ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయినప్పుడు చంద్రబాబు ‘మన తెలుగు కుర్రాడు’ అని అభినందించారు, స్టాలిన్ చెన్నై గొప్పదనం చెప్పి 5 కోట్లు ప్రకటించారు. సోషల్ మీడియాలో తెలుగోడా, తమిళుడా అని పెద్ద యుద్ధం.

మా ఊళ్లో ఆ యుద్ధానికి నవ్వొచ్చింది. సత్యవేడు 1960 ఏప్రిల్ 1 వరకూ మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. పటాస్కర్ చెప్పిన ప్రకారం తిరుత్తణి అటు పోయింది, మేం ఇటొచ్చాం. మా తాత పుట్టింది మద్రాసు రాష్ట్రంలో, పోయింది ఆంధ్రప్రదేశ్‌లో, ఇల్లు మాత్రం ఒక్కటే. ఆయన లెక్కలు తమిళంలో వేసేవాడు, తిట్లు తెలుగులో తిట్టేవాడు. మాలాంటి ఇళ్లల్లోంచి వచ్చినోణ్ణి పట్టుకుని ఏదో ఒక వైపు తేల్చమంటే ఎలా?

ఆ శనివారమే గోవాలో ప్రపంచ కప్ మూడో రౌండ్‌లో గుకేశ్ జర్మనీ కుర్రాడు ఫ్రెడరిక్ స్వానే చేతిలో ఓడి ఇంటిదారి పట్టాడు. అది నాకు రాత్రి తెలిసింది. తెలిసినా నాయనకు చెప్పలేదు.

అత్త ఇల్లు

కళత్తూరులో బండి దిగితే కాలు మడమ దాకా ఒండ్రులో దిగింది. గోడల మీద నీళ్లు నిలిచిన గీత నా నడుము దాకా ఉంది. తడిసిన వడ్లు రోడ్డు మీద ఆరబోశారు, అప్పటికే మొలక వాసన. ఊరంతా బురద ఎత్తే పని. అధికారులు వచ్చి రాసుకుపోతున్నారు, కుర్రాళ్లు అన్నం పొట్లాలు పంచుతున్నారు.

అత్త నన్ను చూసి ఏడవలేదు. "తిన్యావా నాయనా?" అంది. తర్వాత మెల్లగా చెప్పింది. రెండు ఎనుములు, ఒక దూడ. తలుగు విప్పేలోపే నీళ్లొచ్చేశాయి. ఒక ఎనుము కంపచెట్లల్లో దొరికింది. రెండోది, దూడ దొరకలేదు.

ప్రకృతి విపత్తు సాయం నిబంధనల ప్రకారం అప్పట్లో పాడి ఆవుకో గేదెకో 37,500 రూపాయలు ఇచ్చేవారు. ఇంటికి మూడు పెద్ద పశువుల వరకే. ఇది నేను అక్కడే ఫోన్‌లో చూసి చదివి చెప్పా. మామ నవ్వాడు. "ఈనిన ఎనుము కావాలంటే దానికి రెండింతలు పెట్టాల. సరే, అదన్నా రానీ. దొరికినదానికి డాక్టరు వచ్చి రాసుకున్నాడు. కొట్టుకుపొయ్యినదాన్ని యాడ చూపించేది?" పశువు చచ్చిపోయిందని ఎవరో ఒకరు ధ్రువీకరించాలి, అది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. పక్కింటాయన పోయినేడు ఎనుము చెవికి వేసిన పసుపురంగు ట్యాగ్ నంబరు ఫొటో ఉంటే పనికొస్తుందేమో అన్నాడు. మామ ఫోన్ నీళ్లల్లో పోయింది. అదృష్టం కొద్దీ సంక్రాంతికి నేను తీసిన ఫొటోల్లో, పసుపు బొట్లు పెట్టిన ఎనుము పక్కన అత్త నిలబడి ఉంది. పెద్దది చేసి చూస్తే ట్యాగ్ మీద చివరి నాలుగు అంకెలు మాత్రం కనపడుతున్నాయి. మొదటివి బొట్టు కింద ఉన్నాయి.

ఆ ఫొటో ప్రింట్ తీయించి మామ చేతికిచ్చి వచ్చా. వీళ్లకు సాయం ఎప్పుడొస్తుందో, పోయిన పశువులకు ఏం కాగితం కావాలో ఆ రాత్రంతా ఫోన్‌లో వెతికా. గేదె, నష్టపరిహారం, చెవి ట్యాగ్ అని పదిరకాలుగా టైప్ చేశా.

ఇప్పుడు నా ఫీడ్ మారిపోయింది. మమ్‌దానీ దిగిపోయాడు, ట్రంప్ కూడా కిందికెళ్లాడు. పొద్దున లేవగానే పైన హర్యానా నుంచి వీడియో. నల్లగా నిగనిగలాడే ముర్రా గేదె, పూటకు ఎన్ని లీటర్లిస్తుందో హిందీలో అరిచి చెబుతున్న ఒకాయన. నిన్న అత్త అమ్మ ఫోన్‌కు కాల్ చేసింది. "డబ్బులు ఎప్పుడేస్తారో నీ కొడుకును ఫోన్‌లో చూసి చెప్పమను వదినా" అంది.