గడియారాన్ని వెనక్కి తిప్పే ప్రధాన సంఖ్య!

* 1772లోనే గుట్టు విప్పిన ఆయిలర్
* 2038 జనవరి 19తో పాత కంప్యూటర్లకు గండం

2147483647. అక్షరాలా రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. 1తోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడని ప్రధాన సంఖ్య ఇది. గణితజ్ఞులను శతాబ్దాలపాటు ఆకర్షించిన ఈ సంఖ్యకు నేటి కంప్యూటర్ల కాలగణనతోనూ సంబంధం ఉండటం విశేషం.

ఎలా వచ్చిందంటే..

31 రెళ్లను వరుసగా గుణించి, లబ్ధం నుంచి 1 తీసివేస్తే ఈ సంఖ్య వస్తుంది. ఈ రూపంలోని ప్రధాన సంఖ్యలను ఫ్రెంచి మతాచార్యుడు మెర్సెన్ పేరిట వ్యవహరిస్తారు. 3, 7, 31, 127 ఈ కోవలోనివే. అయితే ఈ రూపంలో ఉన్నవన్నీ ప్రధాన సంఖ్యలు కావు. 11 రెళ్ల లబ్ధం నుంచి 1 తీసివేయగా వచ్చే 2047కు 23, 89 కారణాంకాలు. 1644లో మెర్సెన్ ప్రకటించిన జాబితాలోనూ తప్పులు దొర్లాయి.

ఆయిలర్ ఉపాయం

ఒక సంఖ్య ప్రధానమో కాదో తేల్చేందుకు దాని వర్గమూలం వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూడాలి. ఇక్కడ ఆ హద్దు 46,340. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇది తలకు మించిన పనే. కారణాంకం అంటూ ఉంటే దానిని 62తో భాగించినప్పుడు శేషం 1, 8తో భాగించినప్పుడు శేషం 1 లేదా 7 రావాలి. హద్దులోపల ఈ నియమాలకు లోబడేవి 400 కన్నా తక్కువే. ఆ విధంగా శ్రమను తగ్గించుకుని 1772లో లియోనార్డ్ ఆయిలర్ ఇది ప్రధాన సంఖ్యేనని నిరూపించారు. అప్పటికి ఆయనకు చూపు దాదాపుగా పోయింది. ఆ తరువాత సుమారు శతాబ్ద కాలం తెలిసిన ప్రధాన సంఖ్యల్లో ఇదే అతి పెద్దదిగా నిలిచింది.

పరిపూర్ణ సంఖ్యకు మూలం

తనను మినహాయించి మిగిలిన భాజకాల మొత్తానికి సమానమైనది పరిపూర్ణ సంఖ్య. 6 ఇందుకు ఉదాహరణ (1+2+3). మన ప్రధాన సంఖ్యను 30 రెళ్ల లబ్ధంతో గుణిస్తే 19 అంకెల పరిపూర్ణ సంఖ్య లభిస్తుంది. ఇంతకు మించినది ఎవరూ కనుగొనబోరని, వాటివల్ల ప్రయోజనమూ లేదని 1811లో ఆంగ్ల గణితజ్ఞుడు పీటర్ బార్లో భావించారు. ఆ అంచనా తలకిందులైంది. 2024 అక్టోబరులో వెల్లడైన మెర్సెన్ ప్రధాన సంఖ్యలో 4 కోట్లకు పైగా అంకెలున్నాయి.

2038లో ఏమవుతుంది?

32 బిట్ల విధానంలో గుర్తుకు ఒక బిట్ పోగా, మిగిలిన 31 బిట్లలో ఇమిడే అతి పెద్ద సంఖ్య ఇదే. అనేక కంప్యూటర్లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కిస్తూ కాలాన్ని గుర్తిస్తాయి. భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ లెక్క ఈ సంఖ్యను చేరుతుంది. మరుక్షణమే 32 బిట్ల గడియారాలు 1901 డిసెంబరుకు వెళ్లిపోతాయి. 64 బిట్ల విధానానికి మారిన వాటికి ఈ ముప్పు లేదు. పాత యంత్రాలు, వాటిలోని ప్రోగ్రాములను ముందుగానే సరిచూసుకోవాలి. 2038 తరువాతి గడువులను లెక్కించే ప్రోగ్రాముల్లో పొరపాటు అంతకన్నా ముందే బయటపడవచ్చు.