తడి నేలలకు మెట్టతామర: ఆరోగ్యవంతమైన దుంపే పునాది

పెరటిలో బోరింగు చుట్టూ, స్నానపు నీరు పారే కాలువ వెంట ఎల్లప్పుడూ చెమ్మగా ఉండే చోట్లు తరచుగా ఖాళీగా మిగిలిపోతాయి. గులాబీ, చామంతి వంటి మొక్కలు అక్కడ వేర్లు కుళ్లి చనిపోతాయి. అటువంటి చోట్లకు అనువైన బహువార్షిక పూల మొక్క మెట్టతామర. పేరులో మెట్ట ఉన్నప్పటికీ ఇది తేమను కోరే మొక్క.

స్వరూపం: కాన్నేసి కుటుంబంలో కాన్నా ఒక్కటే ప్రజాతి. 1753లో లిన్నేయస్ ‘కాన్నా ఇండికా’ అని నామకరణం చేసినప్పటికీ దీని జన్మస్థానం అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు. మనం పూరేకులుగా భావించే రంగుల భాగాలు నిజానికి రేకుల రూపం దాల్చిన వంధ్య కేసరాలు. అసలు ఆకర్షణ పత్రాలు సన్నగా, చిన్నవిగా ఉంటాయి. గాలి గదులు గల కణజాలం ద్వారా వేర్లకు ప్రాణవాయువు అందుతుంది. కనుకనే మురుగునీటిని శుద్ధి చేసే కృత్రిమ చిత్తడి మడులలోనూ దీనిని పెంచుతున్నారు.

నాటడం: సంకర రకాల విత్తనాల నుండి తల్లి మొక్క లక్షణాలు యథాతథంగా రావు. అందువల్ల దుంపల ద్వారానే ప్రవర్ధనం చేపట్టాలి. రెండు, మూడు కళ్లు గల దుంప ముక్కలను 45-60 సెం.మీ. ఎడంలో, సుమారు 8-10 సెం.మీ. లోతులో, బాగా ఎండ తగిలే చోట నాటాలి. నాటే ముందు చివికిన పశువుల ఎరువు కలపాలి. వాడిన పూకాడలను కత్తిరిస్తే కొత్త పూకాడలు వస్తాయి. రెండు, మూడేళ్లకొకసారి గుబురును విడదీయాలి.

వైరస్ తెగులు: దుంపల ప్రవర్ధనంలోని సౌలభ్యమే దీనికి ముప్పు కూడా. కాన్నా పసుపు మచ్చల వైరస్ దుంప వెంట తర్వాతి మొక్కకు చేరుతుంది. ఈనెల వెంట పసుపు చారలు, మచ్చలు ఏర్పడి, క్రమంగా ఆకు ఎండిపోతుంది. దీనిని పోషక లోపంగా పొరబడి ఎరువు వేసినందువలన ప్రయోజనం లేదు. వైరస్‌ను నయం చేసే మందూ లేదు. తెగులు సోకిన గుబురును దుంపలతో సహా తవ్వి తగులబెట్టాలి. కాలువలో పడవేస్తే దుంపలు మళ్లీ మొలకెత్తుతాయి.

సాధారణంగా ఆకులు కోసివేసిన దుంపలనే పంపిణీ చేస్తారు కనుక లక్షణాలు పైకి కనిపించవు. కావున విస్తరణ సిబ్బంది తల్లి మొక్కలను ఆకులు నిండుగా ఉన్న దశలో పరిశీలించి, ఆరోగ్యవంతమైన గుబుళ్లను ముందుగానే గుర్తు పెట్టి, వాటి నుండి మాత్రమే దుంపలు సేకరించాలి. ఒక్క తెగులు గుబురును పంచితే తెగులును ఊరంతా పంచినట్లే.