తిరిగే గుండు తిన్నగా పోతుంది

బొంగరాన్ని ముల్లుమీద నిలబెట్టి వదలండి. వెంటనే పడిపోతుంది. అదే బొంగరాన్ని తాడు చుట్టి విసరండి. నిటారుగా నిలబడి తిరుగుతుంది. వేగంగా తిరిగే వస్తువు తన అక్షం దిశను అంత సులభంగా మార్చుకోదు. 18వ శతాబ్దంలో అమెరికా అడవుల్లోని వేటగాడు మస్కెట్‌ను కాదని రైఫిల్‌ను ఎంచుకోవడానికి ఈ బొంగరం సూత్రమే కారణం. ఎలాగో చూద్దాం.

నున్నని గొట్టంతో చిక్కు

ఆ కాలంలో తుపాకి మందును, సీసపు గుండును గొట్టం మూతి నుంచే కూరేవారు. చెకుముకి రాయి ఉక్కుకు తగిలి రాల్చిన నిప్పురవ్వతో మందు అంటుకునేది.

సైనికుల మస్కెట్ గొట్టం లోపల నున్నగా ఉండేది. త్వరగా కూరడానికి వీలుగా గుండును గొట్టం కన్నా కొంచెం చిన్నదిగా పోతపోసేవారు. అందువల్ల అది గొట్టం గోడలకు అటూ ఇటూ తగులుతూ, ఏదో ఒక దిక్కుకు తిరుగుతూ బయటపడేది. క్రికెట్‌లో స్పిన్ బంతి గాలిలోనే పక్కకు వంగుతుంది కదా! గుండూ అంతే. యాభై, అరవై మీటర్లు దాటితే దాని గురిని నమ్మడానికి లేదు. గుండు ఇలా పక్కకు పోవడానికి కారణాన్ని ఇంగ్లండు గణితవేత్త బెంజమిన్ రాబిన్స్ ఆ శతాబ్దంలోనే వివరించాడు.

గాడుల మహిమ

పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ పనివారు మీటరుకు పైగా పొడవున్న గొట్టంతో రైఫిళ్ళు చేశారు. గొట్టం లోపల మర చుట్లవంటి గాడులు ఉంటాయి. గుండును కొవ్వు రాసిన గుడ్డముక్కలో చుట్టి బిగువుగా దించుతారు. గుడ్డ గాడులను పట్టుకుని గుండును తిప్పుతుంది. ఇప్పుడు గుండు ఇష్టం వచ్చినట్లు కాక, పోయే దిశనే అక్షంగా చేసుకుని తిరుగుతుంది.

పోతపోసినప్పుడు గుండులో గాలిబుడగ మిగిలిందనుకోండి. బరువు ఒకవైపు మొగ్గుతుంది. కాని గుండు తిరుగుతూంటే ఆ లోపం ఒక క్షణం కుడికి, మరుక్షణం ఎడమకు వచ్చి చెల్లుకు చెల్లు అవుతుంది.

ఎంత వేగంగా తిరుగుతుంది? గాడి 120 సెంటీమీటర్లకు ఒక చుట్టు తిరిగిందనీ, గుండు వేగం సెకనుకు 480 మీటర్లనీ అనుకుందాం. 480ని 1.2తో భాగించండి. సెకనుకు 400 చుట్లు!

గుండ్రని గుండుకు ఈపాటి మెలిక చాలు. పొడవాటి గుండు అయితే ఎదురుగాలి దాని ముక్కును తిరగవేయాలని చూస్తుంది. దానికి ఇంకా బిగువైన మెలిక కావాలి.

ఎంత లావు గుండు?

9 మిల్లీమీటర్ల వ్యాసం గల సీసపు గుండు సుమారు 4.3 గ్రాములు తూగుతుంది. 12.5 మిల్లీమీటర్లదైతే 11.6 గ్రాములు. వ్యాసం ఒకటిన్నర రెట్లయినా కాలేదు, బరువు రెండున్నర రెట్లు దాటింది! ఘనపరిమాణం వ్యాసపు ఘనాన్ని అనుసరిస్తుంది కనుక ఇలా జరిగింది. ఉడుతకు చిన్న గుండు చాలు. అడవిదున్నవంటి బైసన్‌కు పెద్దది కావాలి. అందుకే 19వ శతాబ్దంలో పడమటి మైదానాలకు వెళ్ళినవారు సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు చేసిన పొట్టి, బరువైన రైఫిళ్ళను మెచ్చారు.

ఒక్కటే గుండు

మస్కెట్‌ను నిమిషానికి మూడుసార్లు పేల్చవచ్చు. రైఫిల్‌ను ఒకసారి కూరడానికే దాదాపు నిమిషం పట్టేది. పైగా ఆ మందు కాలితే సగానికి పైగా పొగ, మసిగా మిగులుతుంది. ఆ మసి గాడుల్లో పేరుకుంటుంది. అందుకే సైనికుడు వేగాన్ని, వేటగాడు గురిని ఎంచుకున్నారు. గురి తప్పితే వేటగాడి ఇంట ఆ పూట పస్తే. అరకొరగా తగిలితే మరీ అన్యాయం. గాయపడిన జంతువు ఏ పొదలోనో బాధపడుతూ చస్తుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇటువంటి తుపాకుల వేటకు ఈనాటికీ ప్రత్యేకంగా రోజులు కేటాయిస్తాయి. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి జంతువుల వేట నేరం. మన పల్లెల్లో కనిపించే నాటుతుపాకి కూడా మూతి నుంచి కూరేదే. అందులో మందు ఉన్నదీ లేనిదీ పైకి చూసి చెప్పలేం. ఎక్కడ కనబడినా ముట్టుకోకండి, పెద్దలకు చెప్పండి.

మీరు చేసి చూడండి: గుండ్రని అట్టముక్క నడుమ చీపురుపుల్ల గుచ్చి బొంగరంలా తిప్పండి. అట్టను ఒకసారి పుల్ల కిందికి, మరొకసారి పైకి జరపండి. ఏది ముందు తూలుతుంది? దాన్ని నిలబెట్టాలంటే ఏం చేయాలి?