గోడ నాకే దూడ

దూడ గోడ నాకుతోంది. పలుపుతాడు నములుతోంది. ఆరేసిన పాత చీర చెంగు నోట్లో పెట్టుకుంటోంది. మొగల్తూరు వైపు పాడి ఉన్న ఇళ్ళలో ఇది కొత్త సంగతి కాదు.

"ఎవరి దిష్టో తగిలిందే, ఎర్రనీళ్ళు తియ్యి" అంటుంది అత్త.

"పాలు చాలట్లేదేమో అత్తయ్యా" అంటుంది కోడలు.

పక్కనే తల్లి గేదె. ఈని ఏడు నెలలైంది. ఇంకా ఎదకు రాలేదు. పాలు తగ్గిపోతున్నాయి. మళ్ళీ చూలు కట్టకపోతే ఏడాదంతా వట్టి మేపే. పాల డబ్బులు ఉండవు.

దూడ గోడ నాకడానికీ, గేదె ఎదకు రాకపోవడానికీ చాలాసార్లు కారణం ఒకటే. ఒంట్లో ఖనిజ లవణాలు తగ్గడం. కాల్షియం, భాస్వరం, రాగి, జింకు, అయోడిన్ వంటివి ఖనిజ లవణాలు. ఇవి మట్టిలోంచి గడ్డిలోకి, గడ్డిలోంచి పశువు ఒంట్లోకి వస్తాయి. ఎముక గట్టిపడాలన్నా, పాలు దిగాలన్నా, చూలు నిలవాలన్నా ఇవి కావాలి.

మరి గడ్డి బాగానే వేస్తున్నారు కదా? డెల్టాలో వేసేది ఎక్కువగా వరిగడ్డి. కడుపు నిండుతుంది గానీ అందులో భాస్వరం చాలా తక్కువ. కాల్షియం కొంత ఉన్నా, గడ్డిలోనే ఉండే ఆక్జాలేట్ అనే పదార్థం దాన్ని పట్టేసుకుంటుంది. పశువుకు పూర్తిగా అందదు. తవుడులో భాస్వరం ఉంది, కాల్షియం తక్కువ. పూర్వం గేదెలు గట్ల మీద రకరకాల పచ్చిక మేసేవి. 1990 తర్వాత రొయ్యల చెరువులు, చేపల చెరువులు పెరిగాయి. మేసే చోటు తగ్గింది.

లీటరు గేదె పాలలో 2 గ్రాములకు కాస్త తక్కువగా కాల్షియం ఉంటుంది. 5 లీటర్లిచ్చే గేదె రోజూ సుమారు 9 గ్రాములు పాలలో పోగొట్టుకుంటోంది. మేతలో రాకపోతే తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. అదీ తల్లే కదా!

ఈనిన రెండు మూడు రోజుల్లో కొన్ని పశువులు కూలబడతాయి. మెడ డొక్క వైపు తిప్పుకుంటాయి. చెవులు చల్లబడతాయి. ఇది పాల జ్వరం. పేరుకే జ్వరం, ఒళ్ళు చల్లగా ఉంటుంది. రక్తంలో కాల్షియం పడిపోవడం వల్ల వస్తుంది. అప్పుడు నోట్లో మందులు, గంజి పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోతుంది. వెంటనే పశువుల డాక్టరును పిలవాలి. ఈనిన గేదె కాఫీ రంగు మూత్రం పోసినా అంతే. భాస్వరం తగ్గితే అలా అవుతుంది.

దక్షిణాఫ్రికాలో పశువులు చచ్చిన జంతువుల ఎముకలు నమిలేవి. ఆ ఎముకల్లోని విషంతో చచ్చిపోయేవి. ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్యుడు 1920 దశకం నాటికి అసలు సంగతి తేల్చాడు. అక్కడి నేలలో, గడ్డిలో భాస్వరం చాలా తక్కువ. భాస్వరం అందేలా మేపితే ఎముకలు నమలడం తగ్గింది. మన దూడ గోడ నాకడం కూడా ఇలాంటిదే.

"ఉప్పు వేస్తూనే ఉన్నామండీ" అంటారు చాలామంది. వంట ఉప్పు మంచిదే, కానీ అందులో కాల్షియం, భాస్వరం ఉండవు. వేరుగా ఖనిజ లవణ మిశ్రమం పొడి వేయాలి. పాలిచ్చే గేదెకు మామూలుగా రోజుకు 50 గ్రాములు, దూడకు 20 గ్రాములు. కిలో పాకెట్ ఒక గేదెకు 20 రోజులొస్తుంది. కొట్లో ఒకసారి 50 గ్రాములు తూయించి గ్లాసు మీద గీత పెట్టుకుంటే రోజూ తిప్పలుండదు. పాకెట్ మీద ఎంత వేయమన్నారో, ఎప్పుడు తయారైందో చదివి చూడాలి. చూడి గేదెకు ఈనబోయే నెలలో ఎంత వేయాలో డాక్టరును అడగాలి.

పొడిని కుడితిలో కలిపితే అడుక్కు చేరిపోతుంది. గోళెం కడిగినప్పుడు డబ్బులు కాలవలో పోసినట్టే. తడిపిన తవుడులోనో, తెలగపిండిలోనో కలిపి పెట్టాలి. వరి కోశాక చల్లే పిల్లిపెసర, జనుము, గట్టు మీద అవిశాకు కూడా కాల్షియం ఇస్తాయి.

పొడి వేసిన వారానికే గేదె ఎదకు రాదు. రెండు మూడు నెలలు ఆపకుండా వేయాలి. దూడ కడుపులో పాములుంటే ఎంత వేసినా ఒంటపట్టదు, ముందు పాముల మందు తాగించాలి. అప్పటికీ ఎదకు రాకపోతే గర్భసంచిలో వేరే తేడా ఉండొచ్చు. అమ్మేసే ముందు గేదెను ఒకసారి పశువుల ఆసుపత్రిలో చూపించాలి.